కారిక్‌షాక్ సందులో అమీనా బందోబస్తు: 1831 నాటి ఐరిష్ ఘటనపై కేస్ స్టడీ

పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరుగా చేరి డీఎస్పీగా పదవీ విరమణ చేసిన నేను, చివరి నాలుగేళ్ళు కొత్తగా ఎంపికైన ఎస్‌ఐలకు శాంతిభద్రతల పాఠాలు చెప్పాను. ప్రతి బ్యాచికీ తప్పకుండా చెప్పిన కేసు ఒకటుంది. అది మన దేశంలో జరిగింది కాదు. 1831 డిసెంబరు 14, బుధవారం నాడు ఐర్లండ్‌లోని కిల్కెనీ కౌంటీలో, హగిన్స్‌టౌన్ అనే ఊరికి దగ్గరగా కారిక్‌షాక్ అనే చోట, కోర్టు సమన్లు అందించే ఒక అమీనాకు బందోబస్తుగా వెళ్ళిన 38 మంది సాయుధ పోలీసుల దళాన్ని రైతులు కొద్ది నిమిషాల్లో చిత్తు చేశారు. అమీనా, దళానికి నాయకుడైన చీఫ్ కానిస్టేబుల్, పదిమందికి పైగా కానిస్టేబుళ్ళు అక్కడే చనిపోయారు. రైతుల వైపు పోయిన ప్రాణాలు మూడు.

పోలీసు చేతిలో జనం చనిపోయిన కేసులు ఆ కాలపు ఐర్లండ్‌లో చాలానే ఉన్నాయి. పోలీసులే ఇంత పెద్ద సంఖ్యలో చనిపోయిన కేసు మాత్రం అరుదు. అందుకే దీన్ని ఎత్తుగడల పొరపాటుగా చదివి వదిలేయడం సులువు. నేను కూడా మొదట్లో అలాగే చెప్పేవాణ్ణి: దారి తప్పుగా ఎంచుకున్నారు, సందులో చిక్కుకున్నారు, దెబ్బతిన్నారు. రెండు మూడు బ్యాచ్‌లకు చెప్పాక అసలు ప్రశ్న సందులో లేదని నాకే తెలిసివచ్చింది. ఆ 38 మంది ఆ రోజు ఎవరి పని మీద వెళ్ళారన్నదే ఈ కేసులో తేల్చవలసిన విషయం.

దశమభాగం

పంటలో పదో వంతు చర్చికి చెల్లించాలన్నది పాత చట్టం. తెలుగు బైబిలులో దీనికి దశమభాగం అన్న మాట ఉంది కనుక నేనూ అదే వాడుతున్నాను. ఐర్లండ్‌లో ఈ భాగం అందుకునేది ఆంగ్లికన్ రాజచర్చి, అంటే ప్రభుత్వ అండ ఉన్న ప్రొటెస్టెంటు చర్చి. ఇచ్చేవాళ్ళలో అత్యధికులు కాథలిక్కులు. 1834లో ప్రభుత్వమే చేయించిన లెక్క ప్రకారం దాదాపు 79 లక్షల జనాభాలో రాజచర్చికి చెందినవారు సుమారు 8.5 లక్షలు. తాము ఎన్నడూ అడుగుపెట్టని గుడికి, తమ పెళ్ళికీ చావుకూ రాని గురువుకు పన్ను కట్టడం అన్న బాధ తరతరాలది. అయితే బాధ ఎంత పాతదైనా, జనం ఒక్కటై ఎదురుతిరగడానికి కొత్త కారణం ఏదో ఒకటి కావాలి.

ఆ కారణం 1823లో వచ్చిన చట్టం. 1735లో ఐరిష్ పార్లమెంటు దిగువ సభ చేసిన తీర్మానం పుణ్యమా అని పశువుల మేతభూములు అప్పటిదాకా ఆచరణలో దశమభాగం నుంచి తప్పించుకున్నాయి. వందల ఎకరాల్లో పశువులను మేపే ఆసామి ఏమీ కట్టడు. ఎకరం లోపు మడిలో బంగాళదుంపలు వేసుకుని బతికే కూలీ మాత్రం కట్టాలి. 1823 చట్టం పంటగా వసూలు చేసే పద్ధతిని మార్చి నిర్ణీత నగదుగా చేసి, ఆ మొత్తాన్ని మేతభూములతో సహా అన్ని భూములపైనా సర్దింది. న్యాయంగా చూస్తే ఇది సంస్కరణే. కానీ అప్పటిదాకా పేదల గొడవగా ఉన్నది దానితో పెద్ద ఆసామి గొడవ కూడా అయింది. ఇంగ్లీషు రాసే చేయి, వకీలుకు ఇచ్చే డబ్బు, సభలు పెట్టే పలుకుబడి ఉన్న ఆసాములు కూలీల పక్కన వచ్చి నిలబడ్డారు. 1829లో కాథలిక్కులకు పార్లమెంటు ప్రవేశం దక్కించిన ఉద్యమంలో డేనియల్ ఓకానెల్ వెంట నడిచిన అనుభవం కూడా వాళ్ళకు అప్పటికే ఉంది.

మొదటి ఘర్షణ కిల్కెనీ కౌంటీలోనే గ్రేగ్‌నామానాలో జరిగింది. మార్టిన్ డోయల్ అనే కాథలిక్ గురువు దశమభాగం కట్టడానికి నిరాకరించగా, 1831 మార్చిలో 120 మంది యెమన్రీ, అంటే భూస్వాముల పక్షపు సాయుధ వాలంటీర్లు, పశువుల జప్తుకు దిగారు. అక్కడ జనం నేర్చుకున్నదల్లా చట్టంలోని కంతలే. తాళం వేసిన కొట్టాన్ని పగలగొట్టి జప్తు చేసే అధికారం లేదు, పొద్దుగూకిన తరువాత జప్తు చెల్లదు. కాబట్టి పగలంతా పశువులు తాళం వెనక ఉంటాయి, చీకటి పడ్డాక మేతకు వెళ్తాయి. జప్తు బలగం కనబడగానే కొమ్ములు ఊదుతారు, చర్చి గంట కొడతారు. ఎలాగో జప్తు చేసి వేలం వేసినా ఆ కౌంటీలో పాట పాడేవాడు దొరకడు. మన పల్లెల్లో జప్తు సొమ్ము వేలానికి ఊరంతా మొహం చాటేయడం చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇలా పశువుల దారి మూసుకుపోవడంతో చర్చి గురువుల వకీళ్ళకు మిగిలింది కోర్టు దారి. ఒక్కొక్క బకాయిదారు చేతికీ సమను అందాలి, అప్పుడే దావా నడుస్తుంది. అంటే మొత్తం యంత్రాంగం బరువు సమన్ల కట్ట మోసుకుని ఇల్లిల్లూ తిరిగే ఒక చిన్న మనిషి మీద పడింది. జనానికి కూడా ఆ సంగతి బాగా తెలుసు.

రాత్రి గుంపు కోసం తయారైన పోలీసు

ఈ పోలీసు ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పోలీసు వంశవృక్షం కూడా ఇక్కడికే చేరుతుంది. 1761లో టిప్పరేరీ ప్రాంతంలో మొదలైన వైట్‌బాయ్‌ల కాలం నుంచి ఐరిష్ పల్లెల్లో అలజడికి ఒక ఆనవాయితీ ఏర్పడింది. చొక్కాల మీద తెల్లబట్ట వేసుకున్న చిన్న గుంపులు రాత్రిపూట వచ్చి కంచెలు కూల్చడం, పశువుల కాళ్ళ నరాలు కోయడం, కౌలు పెంచి పొలం లాక్కున్నవాణ్ణి బెదిరించడం, తలుపుకు హెచ్చరిక చీటీ అంటించి పోవడం. 1821–24 మధ్య దక్షిణాది కౌంటీల్లో ఆ చీటీల కింద 'కెప్టెన్ రాక్' అనే కల్పిత సంతకం ఉండేది. ఉన్నాడో లేడో తెలియని నాయకుడి పేరు కోర్టు తాఖీదు కంటే గట్టిగా పనిచేసేది.

వైట్‌బాయ్‌ల నాటి నుంచి వస్తున్న ఈ ఆనవాయితీకి జవాబుగా 1814లో అప్పటి ఐర్లండ్ చీఫ్ సెక్రటరీ రాబర్ట్ పీల్ శాంతి పరిరక్షణ దళం ఏర్పాటుచేశాడు. లండన్‌లో ఆయన నెలకొల్పిన పోలీసుకు ఇది పదిహేనేళ్ళు ముందుది. ఆ సెప్టెంబరులో టిప్పరేరీలోని మిడిల్‌థర్డ్‌లో రిచర్డ్ విల్‌కాక్స్ అనే మేజిస్ట్రేటు కింద దాన్ని మొదటిసారి దింపారు. అల్లరి ప్రాంతంగా ప్రకటించిన చోటికి దళం వస్తుంది, దాని ఖర్చును ఆ ప్రాంతం వాళ్ళే భరించాలి. చదువుతుంటే ఎక్కడో విన్నట్టుందంటే అందుకు కారణం మన 1861 పోలీసు చట్టంలోని 15వ సెక్షన్. అదనపు పోలీసును ఊళ్ళో దింపి ఆ ఖర్చును ఊరి మీదే వేసే పద్ధతి అందులో యథాతథంగా కనిపిస్తుంది. 1822 చట్టంతో ప్రతి కౌంటీకీ శాశ్వత కానిస్టేబులరీ వచ్చింది. తాలూకాల్లాంటి బ్యారొనీలకు తలా ఒక చీఫ్ కానిస్టేబుల్‌నూ, నలుగురు ప్రాంతీయ ఇన్‌స్పెక్టర్ జనరళ్ళనూ నియమించారు. తుపాకీ, బాయ్‌నెట్, బ్యారక్ అన్నీ సైన్యం తరహావే. చొక్కా మార్చిన సైన్యమే అనవచ్చు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఈ పోలీసు రోజువారీగా మాట వినవలసింది స్థానిక మేజిస్ట్రేటుది. ఆ మేజిస్ట్రేట్లు చాలావరకు భూస్వాములు, కొందరు సాక్షాత్తు ఆంగ్లికన్ గురువులు. బకాయి వసూలు కావలసినవాడూ, బలగం పంపమని చెప్పగలిగినవాడూ ఒకే విందులో కూర్చునే మనుషులు. ఇక రెండోది: ఈ దళం తయారైంది రాత్రి గుంపును పట్టుకోవడానికి. ఇరవై ముప్పై మంది ముసుగు మనుషులను వెంటాడడం, చీకటిలో ఇంటి బయట కనబడినవాణ్ణి ప్రత్యేక చట్టం కింద ద్వీపాంతరం పంపడం దానికి తెలిసిన విద్య. 1830 చివర నుంచి కిల్కెనీలో ఎదురైంది అది కాదు. హర్లింగ్ ఆట పేరు చెప్పి, చేతిలో ఆటకర్రలు పట్టుకుని, పట్టపగలు, ముసుగు లేకుండా, వేల సంఖ్యలో జనం గురువుగారి ఇంటి ముందుకు వచ్చి దశమభాగం తగ్గించమని అడుగుతున్నారు. ఆటకు పోగవడం నేరం కాదు. ఎవరిని పట్టుకోవాలి, ఏ సెక్షన్ కింద?

ఆ ఏడాది ఈ తికమక రెండుచోట్ల రక్తం కళ్ళజూసింది. మే నెలలో వెస్ట్‌మీత్ కౌంటీ కాజిల్‌పొలార్డ్ సంతలో పోలీసు కాల్పుల్లో పదిమందికి పైగా చనిపోయారు. జూన్ 18న వెక్స్‌ఫర్డ్ కౌంటీ న్యూటౌన్‌బారీలో జప్తు పశువుల వేలం దగ్గర యెమన్రీ కాల్చినప్పుడు కూడా అంతే. కాజిల్‌పొలార్డ్ కేసులో విచారణకు నిలబడిన పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. డిసెంబరు నాటికి కిల్కెనీ రైతు మనసులో ఈ రెండు పేర్లూ ఉన్నాయి.

డిసెంబరు 14

హగిన్స్‌టౌన్ చుట్టుపక్కల పల్లెలు నాక్‌టోఫర్ పారిష్‌లోవి. అక్కడి రెక్టర్, అంటే దశమభాగం అందుకునే ఆంగ్లికన్ గురువు, డాక్టర్ హాన్స్ హామిల్టన్ తగ్గింపుకు ఒప్పుకోలేదు. బకాయిదారులకు సమన్లు అందించే పని ఎడ్మండ్ బట్లర్ అనే అమీనాకు అప్పగించారు. అతనికి రక్షణగా చీఫ్ కానిస్టేబుల్ జేమ్స్ గిబ్బన్స్ ఆధ్వర్యంలో దళం బయలుదేరింది. ఆ వారం సోమవారం మొదలైన ఈ తిరుగుడు బుధవారానికి మూడో రోజుకు వచ్చింది. అదే మనిషి, అదే పని, అదే ప్రాంతం. మొదటి రెండు రోజులూ జనం వెంటబడి తిట్టడం, అరవడం చేశారే గాని అంతకు మించి పోలేదు. బందోబస్తు చేసినవాళ్ళకు తెలుస్తుంది, ఇలాంటి రెండు రోజులు మనిషిని ఎంత మోసం చేస్తాయో. ఏమీ జరగలేదు కాబట్టి ఏమీ జరగదన్న ధీమా దళానికి వస్తుంది. అవతల జనం మాత్రం ఆ రెండు రోజుల్లో దారులు, బలగం సంఖ్య, నడక వేగం, నాయకుడి స్వభావం అన్నీ చూసి పెట్టుకుంటారు.

బుధవారం ఉదయం గంటలు మోగాయి. పారలు, పంటకోత కొడవళ్ళు, పంగలకర్రలు, ఆటకర్రలు పట్టుకుని పొలాలకు అడ్డంపడి వచ్చిన జనం వెయ్యికి తక్కువ ఉండరు. వాళ్ళను ఒక తీరుగా నడిపినవాళ్ళలో ముందున్నది విలియం కీన్ అనే వీధిబడి పంతులు. జనం అతన్ని 'జనరల్' అని పిలిచేవారు. గిబ్బన్స్ గుర్రం మీద ఉన్నాడు. దళం అమీనాను మధ్యలో పెట్టుకుని కవాతు తీరున నడుస్తూ రెండు పక్కలా రాతిగోడలున్న సన్నని బాటలోకి మళ్ళింది. జనం ఒక భాగం బాటలో వెనకా ముందూ, మిగతా అంతా గోడల అవతల, బాట కంటే ఎత్తుగా ఉన్న పొలాల్లో దళంతోపాటే నడిచారు.

వాళ్ళు అడిగింది ఒక్కటే: అమీనాను మాకు అప్పగించండి, మీ దారిన మీరు పొండి. పోలీసుల్లోనూ గణనీయ సంఖ్యలో కాథలిక్కులే ఉన్న రోజులవి. జనానికి దళంతో పనిలేదు, ఆ కాగితాల కట్టతోనే పని. గిబ్బన్స్ ఒప్పుకోలేదు.

ఈ చోట నేను తరగతి ఆపి ప్రశ్న వేసేవాణ్ణి: గిబ్బన్స్ స్థానంలో మీరుంటే అమీనాను అప్పగిస్తారా? దాదాపు అందరూ అప్పగించేది లేదనే అనేవారు. అది సరైన జవాబే. రక్షణలో ఉన్న మనిషిని గుంపు చేతికి ఇచ్చి వచ్చిన పోలీసు ఇక పోలీసు కాడు. గిబ్బన్స్ మీద నా అభిప్రాయం కూడా అదే. సందులో అతను చేసిన నిర్ణయాన్ని నేను తప్పుపట్టలేను. ఒక్క ఏడాది మాత్రం, చివరి బెంచీలోంచి ఒకమ్మాయి, "అప్పగించను సార్, కానీ మూడో రోజు ఆ పని మీద బయలుదేరను కూడా" అంది. బయలుదేరకుండా ఉండే అధికారం గిబ్బన్స్‌కు ఉందా అని అడిగాను. లేదంది. ఆ తరువాతి గంట పాఠమంతా దాని మీదే నడిచింది.

జేమ్స్ ట్రేసీ అనే యువకుడు బట్లర్‌ను లాగడానికి వరసల మధ్యకు దూసుకువచ్చాడు. రాళ్ళు పడ్డాయి. రాయి దెబ్బ తిన్న బట్లర్ కూలిపోయాడు. గిబ్బన్స్ కాల్చమన్నాడు. ఆ కాలపు తుపాకీ ఒక్కసారి పేలుతుంది. మళ్ళీ మందు కూరి, గుండు దించి, గురి పెట్టేదాకా అది ఉత్త ఇనుప కర్ర. పదడుగుల వెడల్పు లేని సందులో, భుజం భుజం రాసుకునే దూరంలో, పైన గోడల మీద జనం నిలబడి ఉండగా ఆ వ్యవధి ఎవరూ ఇవ్వరు. బాయ్‌నెట్ పొడవడానికైనా చేయి వెనక్కి లాగే జాగా ఉండాలి. గోడల రాళ్ళే జనానికి ఆయుధాలయ్యాయి. ట్రేసీతోపాటు పాట్రిక్ పవర్, థామస్ ఫీలన్ అనే ఇద్దరు చనిపోయారు. దళం వరస చెదిరింది. చెదిరిన తరువాత జరిగింది పోరాటం కాదు, వేట. గిబ్బన్స్ గుర్రం దిగకముందే కొట్టి చంపబడ్డాడో, దిగాకనో అన్నది పాఠానికి అవసరం లేదు. గాయపడ్డ కానిస్టేబుళ్ళలో కొందరు ఎలాగో తప్పించుకుని బతికి బయటపడ్డారు.

సొంత అనుభవం ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. నేను ఎస్‌ఐగా ఉన్న తొలి రోజుల్లో ఒక స్థలం స్వాధీనం డిక్రీ అమలుకు వచ్చిన అమీనాకు నలుగురు కానిస్టేబుళ్ళతో బందోబస్తుగా వెళ్ళాను. వీధి రెండు కొసలా జనం మూసేశారు. అమీనా నా బెల్టు వెనక పట్టుకుని వణుకుతున్నాడు. ఆ వణుకు నా నడుముకు తెలుస్తోంది. ఒక పెద్దాయన ముందుకొచ్చి, "ఎస్‌ఐ బాబూ, మీతో మాకు పేచీ లేదు, ఆయన్ని ఇటు పంపండి" అన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు. నేను అమీనాతో సహా వెనక్కి తిరిగి, బలగం చాలదని కోర్టుకు రిపోర్టు రాసి వచ్చేశాను. పై అధికారి దాన్ని పిరికితనమన్నారు. చాలా ఏళ్ళకు కారిక్‌షాక్ గురించి చదివినప్పుడు ఆ పెద్దాయన గొంతే నాకు వినిపించింది. తేడా ఒక్కటే, నాకు వెనక్కి తిరగడానికి దారి ఉంది, తిరిగితే నిలబెట్టే ఒక కాగితం ఉంది.

కోర్టులో

అరెస్టులు చాలానే జరిగాయి. సాక్ష్యం మాత్రం నిలబడలేదు. వెయ్యిమంది చూసిన పని మీద ఒక్కరు నోరు విప్పకపోతే ఏ ప్రాసిక్యూషన్ కూడా నడవదు. 1832 జులైలో కిల్కెనీ కోర్టులో ముద్దాయిల తరఫున ఓకానెల్ స్వయంగా నిలబడ్డాడు. బతికి బయటపడ్డ పోలీసులే ప్రధాన సాక్షులు. ఆ తొక్కిసలాటలో ఎవరు ఎవరిని కొట్టారో గుర్తుపట్టానని చెప్పిన సాక్షిని క్రాస్‌లో ఎంతసేపు నిలబెట్టవచ్చో వకీలు వృత్తిలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. ముద్దాయిలు విడుదలయ్యారు, మిగతా కేసులూ వీగిపోయాయి. కీన్ దొరకనే లేదు. అదే నెలలో పక్కనున్న బాలీహేల్ దగ్గర దశమభాగానికి వ్యతిరేకంగా జరిగిన సభకు దక్షిణ కిల్కెనీ అంతా కదిలివచ్చింది.

నేరానికి శిక్ష పడకపోవడాన్ని నేను మెచ్చుకోను. చనిపోయిన కానిస్టేబుళ్ళు జీతానికి పనిచేసిన పేదింటి పిల్లలు. హామిల్టన్ బకాయిల్లో వాళ్ళకు దక్కేది చిల్లిగవ్వ లేదు. కానీ శిక్ష పడకపోవడానికి కారణం సాక్షుల భయం ఒక్కటే అని రాసిన ఆనాటి అధికారుల మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. పోలీసును బకాయిదారు తరఫు మనిషిగా కాక బాకీ అడిగేవాడి తరఫు మనిషిగా చూసిన ఊరు, పోలీసు హత్యను కూడా ఆ బాకీ గొడవలో భాగంగానే చూస్తుంది.

ప్రభుత్వం మొదట పట్టు బిగించింది. 1833లో వచ్చిన కఠిన చట్టం కింద కిల్కెనీని అల్లరి కౌంటీగా ప్రకటించారు. అదే ఏడాది వసూలు కాని బకాయిలకు బదులుగా గురువులను ఆదుకోవడానికి 10 లక్షల పౌండ్లు కేటాయించారు. ఆ తరువాత కూడా పాఠం పూర్తిగా ఒంటబట్టలేదు: 1834 డిసెంబరు 18న కార్క్ కౌంటీ రాత్‌కార్మాక్ దగ్గర, ర్యాన్ అనే విధవరాలి దగ్గర 40 షిల్లింగుల బకాయి రాబట్టడానికి ఆర్చ్‌డీకన్ రైడర్ అనే ఆంగ్లికన్ గురువు సైన్యాన్ని వెంటబెట్టుకుని వెళ్ళగా, ఆమె గడ్డివాముల దొడ్డి దగ్గర కాల్పుల్లో పన్నెండుమందికి తక్కువ కాకుండా చనిపోయారు.

డ్రమ్మండ్ చేసిన పని

1835లో ఐర్లండ్ ప్రభుత్వంలో అండర్ సెక్రటరీగా వచ్చిన థామస్ డ్రమ్మండ్ ఇంజనీరు. కొలతలు వేసి పనిచేసే మనిషి. అతను రెండు పనులు చేశాడు. 1836 చట్టంతో కానిస్టేబులరీని స్థానిక మేజిస్ట్రేట్ల చేతుల్లోంచి తీసి డబ్లిన్‌లోని ఒక్క ఇన్‌స్పెక్టర్ జనరల్ కిందికి తెచ్చాడు; ఆ పదవిలో మొదట వచ్చినవాడు కల్నల్ జేమ్స్ షా కెన్నెడీ. సొంత కౌంటీలో ఎవరికీ పోస్టింగు లేదు. రాజకీయ సంఘాల్లో, రహస్య సంఘాల్లో సభ్యత్వం లేదు. మినహాయింపు ఫ్రీమేసన్లకు మాత్రమే. ఇక రెండో పని, నా దృష్టిలో మొదటిదానికంటే పెద్దది: దశమభాగం వసూలుకు పోలీసును పంపమని గురువులూ భూస్వాములూ అడిగినప్పుడు అతను కుదరదన్నాడు. శాంతిభంగాన్ని అడ్డుకోవడం వరకే పోలీసు పని, బాకీ రాబట్టడం బాకీ రావలసినవాళ్ళ పని అన్నది అతని వాదన. గిబ్బన్స్‌కు లేకపోయిన ఆ కాగితం ఇదే.

తరగతిలో ఎవరో ఒకరు ఇక్కడ ఒక మెలిక పెట్టేవారు: కోర్టు ఉత్తర్వును అమలు చేయడం కూడా చట్టమే కదా, పోలీసు తప్పుకుంటే చట్టం ఏమవుతుందని. ప్రశ్న సరైనదే. దానికి డ్రమ్మండ్ దగ్గర కూడా పూర్తి జవాబు లేదు. అతను చేసిందల్లా బలగం ఖరీదును అడిగేవాడికి కనబడేలా చేయడం. కోరగానే వచ్చే బలగం ఉన్నంతకాలం హామిల్టన్ లాంటివాడు తగ్గింపు గురించి ఆలోచించడు. అది ఆగిపోయాక, 1838లో చట్టమే మారింది: దశమభాగంలో నాలుగో వంతు కోసేసి, మిగతాది భూస్వామి నేరుగా చర్చికి కట్టేలా చేశారు.

ఐరిష్ కానిస్టేబులరీ ఆకారం 1843లో చార్లెస్ నేపియర్ చేతి మీదుగా సింధుకు వచ్చింది, అక్కడినుంచి బ్రిటిష్ ఇండియా అంతటికీ నమూనా అయింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలను కూడా కలుపుకున్న మద్రాసు ప్రెసిడెన్సీకి 1859లోనే 24వ చట్టంతో అలాంటి జిల్లా పోలీసు ఏర్పడింది. బ్యారక్, తుపాకీ, ఇన్‌స్పెక్టర్ జనరల్ అన్నీ ఓడెక్కి వచ్చాయి. బాకీ వసూలుకు పోలీసు రాడని డ్రమ్మండ్ చెప్పిన ఆ కాగితం మాత్రం రాలేదు.

ఐర్లండ్‌లో కూడా అది పూర్తిగా నిలవలేదు. 1838 తరువాత దశమభాగం కౌలులో కలిసిపోయింది. రైతు చేతికి ఆ పేరుతో సమను రావడం ఆగింది. కానీ భూస్వామి ఆ సొమ్మును కౌలు పెంచి రాబట్టుకోవడానికి అడ్డేమీ లేదు. 1840ల చివర కరువులో కౌలు కట్టలేనివారిని ఇళ్ళలోంచి ఖాళీ చేయించినప్పుడు, కప్పు దూలాలు లాగేసే కూలీల వెనక తుపాకులతో వరసగా నిలబడ్డది ఈ కానిస్టేబులరీయే. కారిక్‌షాక్ బాట పక్కన 1925లో నిలబెట్టిన రాతి స్మారకం మీద ఉన్నవి ట్రేసీ, పవర్, ఫీలన్ పేర్లు.